సేఫ్టీ క్లాసు పెట్టాక కూడా ప్రమాదం జరిగితే, తర్వాత ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా వచ్చే బూడిద) ఇటుకల యూనిట్. 45 మంది పనివాళ్లు. అందులో తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, జివతి వైపు నుంచి వచ్చే గోండులు, బీహార్ కుర్రాళ్లు ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు బయటి నుంచి ఒకాయనను పిలిపించి రెండు గంటల క్లాసు చెప్పిస్తారు, వీడియో చూపిస్తారు, చివర్లో అందరి సంతకాలు తీసుకుంటారు. అయినా పోయిన నెల ఒక హెల్పర్ చేతివేళ్లు కన్వేయర్ బెల్టు టెయిల్ పుల్లీలో (బెల్టు వెనక చివర తిరిగే చక్రంలో) నలిగిపోయాయి. యజమాని "మళ్లీ క్లాసు పెట్టించు, ఈసారి గట్టిగా చెప్పించు" అంటున్నారు. సూపర్‌వైజర్‌గా ఆ పని మీ మీద పడింది. ఎలా చెబితే వాళ్లకు ఎక్కుతుందని అడిగారు.

సూటిగా చెబుతాను. క్లాసు ఇప్పుడే పెట్టకండి. ముందు ఆ పుల్లీకి చెయ్యి తగలకుండా అడ్డుగా ఉండే సరైన గార్డు పెట్టించండి. ఆ తర్వాత ట్రైనింగ్‌ను ఆఫీసు గదిలోంచి మెషిన్ దగ్గరికి తీసుకెళ్లండి. రోజుకు పది నిమిషాలు చాలు. నలుగురైదుగురి కంటే ఎక్కువ మందిని పెట్టుకోవద్దు. మీరు చెప్పేది తగ్గించి, వాళ్ల చేత చేయించేది పెంచండి. పనివాడు తన చేత్తో చేసి చూపించాకే సంతకం తీసుకోండి.

నేను 26 ఏళ్లుగా చంద్రపూర్ జిల్లాలోనే పనివాళ్ల భద్రత చూసే పనిలో ఉన్నాను. మొదట సిమెంటు, తర్వాత బొగ్గు, ఇప్పుడు మీలాంటి చిన్న యూనిట్లకు సలహాలు. మా నాన్న కాలంలో మంచిర్యాల వైపు నుంచి బల్లార్షా వచ్చి స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, డ్యూటీలో హిందీ. ఈ మూడు భాషల మధ్య పనివాళ్ల ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలు నేను చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

గార్డు ముందు ఎందుకంటే, ఆ అబ్బాయి చెయ్యి అక్కడికి ఎందుకు వెళ్లిందో మీరు అడిగే ఉంటారు. అడక్కపోతే ఈ రోజే అడగండి. నా అంచనా చెబుతాను. తడి బూడిద, సిమెంటు కలిసిన మాలు పుల్లీకి అంటుకుంటుంది. అది గట్టిపడితే బెల్టు ఒక పక్కకు జరుగుతుంది. బెల్టు జరిగితే మాలు కింద పోతుంది, ముకద్దం (గుంపు మేస్త్రీ) అరుస్తాడు. మెషిన్ ఆపి గీకాలంటే పది నిమిషాలు, నడుస్తుండగా తాపీతో గీకితే అర నిమిషం. ఆ అబ్బాయి తెలియక చేయలేదు. అక్కడ అందరూ రోజూ చేసేదే చేశాడు. అలాంటి చోట "నడిచే బెల్టు దగ్గర చెయ్యి పెట్టకూడదు" అని వందసార్లు చెప్పినా ఉపయోగం లేదు, ఎందుకంటే చెయ్యి పెడితేనే పని నడుస్తోంది.

కాబట్టి చేయాల్సినవి ఇవి. పుల్లీ చుట్టూ, కింది వైపు కూడా, వేలు దూరని జాలీతో గార్డు బిగించాలి. జాలీ కంతలు పెద్దవైతే పుల్లీకి దూరంగా బిగించాలి. వేలు దూరినా పుల్లీ అందకూడదు. గ్రీజు పెట్టే నిపుల్‌కు ఒక గొట్టం కలిపి గార్డు బయటికి తేవాలి. లేకపోతే గ్రీజు పెట్టిన ప్రతిసారీ గార్డు విప్పుతారు, నాలుగోసారి తిరిగి బిగించరు. వెనక్కి వచ్చే బెల్టు మీద, పుల్లీకి ముందు, మాలును పక్కకు తోసేసే స్క్రేపర్ పెట్టించాలి. దాంతో గీకే పనే చాలావరకు తగ్గిపోతుంది. రాజురాలోనో బల్లార్షాలోనో ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా ఇవన్నీ చేసిస్తారు. ఇవి పెట్టకుండా మళ్లీ క్లాసు పెడితే పనివాళ్లకు వినబడేది ఒక్కటే: "తప్పు మీదే." ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా వాళ్లు మనసు పెట్టి వినరు.

ఇప్పుడు ట్రైనింగ్ సంగతి.

నేను ఈ ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. అప్పుడు పనిచేస్తున్న ప్లాంటులో 60 మందికి నేనే క్లాసు చెప్పాను. బెల్టు పక్కన ప్రమాదం జరిగితే ఏం చేస్తారు అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో "పుల్ కార్డు లాగుతాం" అన్నారు. అంటే లాగితే బెల్టు ఆగిపోయే తాడు. చాలా సంతోషపడ్డాను. సాయంత్రం బెల్టు దగ్గర ఒకతన్ని ఆపి, "పుల్ కార్డు ఎక్కడుంది, చూపించు" అన్నాను. అతను బెల్టు పక్కన ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఉన్న తాడును దాటుకుని వెళ్లి, గోడకు వేలాడుతున్న ఎర్ర ఇసుక బకెట్‌ను చూపించాడు. వీడియోలో పుల్ కార్డు ఎర్రగా ఉంది. మా ప్లాంటులో దుమ్ము పట్టి బూడిద రంగులో ఉంది. అతను అబద్ధం చెప్పలేదు, నేనే నేర్పలేదు. ఇంకో నలుగుర్ని అడిగాను. ఇద్దరికే తెలుసు. ఆ రోజు తీసుకున్న 60 సంతకాలు ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చాను. ఒక విషయం చెప్పడం, నేను చేసి చూపించడం, అతని చేత చేయించడం, వారం తర్వాత చెప్పకుండా వెళ్లి మళ్లీ చూడడం. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్లు వేలల్లో వచ్చినప్పుడు వాళ్లకు పని నేర్పడానికి దాదాపు ఇదే నాలుగు మెట్ల పద్ధతి వాడారు. ఇందులో మనవాళ్లు వదిలేసేది చివరి మెట్టు. వారం తర్వాత మీరు వెళ్లి, "ఇదిగో, నా తువ్వాలు బెల్టులో చిక్కింది అనుకో, ఏం చేస్తావ్?" అని అడగండి. అతని కాళ్లు ఎటు కదిలాయో చూడండి. నోటితో చెప్పే జవాబు కంటే కాళ్లు కదిలిన దిక్కు మీకు నిజం చెబుతుంది. తప్పు దిక్కుకు కదిలితే కోప్పడకుండా అప్పుడే, అక్కడే ఇంకోసారి చేయించండి.

ఇక అతి ముఖ్యమైనది భాష. మీ యూనిట్‌లో నాలుగు భాషలున్నాయి కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి.

కొన్నేళ్ల కిందట నేను సలహాకు వెళ్లిన ఒక యూనిట్‌లో, మీ దగ్గర ఉన్నట్టే, ఒక పాన్ మిక్సర్ (మాలు కలిపే పెద్ద తొట్టి) ఉండేది. ఆసిఫాబాద్ వైపు నుంచి కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాడు మిక్సర్ లోపల కూర్చుని బ్లేడ్లకు అంటుకున్న మాలు గీకుతున్నాడు. బయట ఇంకొకతను పైపుతో నీళ్లు కొడుతున్నాడు. నీళ్లు ఎక్కువైపోయాయని లోపలి కుర్రాడు "చాలు, చాలు!" అని అరిచాడు. ప్యానెల్ దగ్గర ఉన్నది మరాఠీ ఆపరేటర్. మరాఠీలోనూ హిందీలోనూ "చాలూ" అంటే నడుస్తోందని, చాలూ చెయ్యమంటే ఆన్ చెయ్యమని అర్థం. అతని చెయ్యి బటన్ మీదికి వెళ్లింది. నీళ్ల పైపు పట్టుకున్న అతను రెండు భాషలూ తెలిసినవాడు. వెంటనే "బంద్!" అని గట్టిగా కేక వేశాడు. అంతే, ఆ ఒక్క మాట వల్ల ఆ కుర్రాడు బతికాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నా ఒళ్లు జలదరిస్తుంది.

మన సరిహద్దు ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ తేడా ఆలోచించకుండానే తెలుస్తుంది. నిన్న బస్సు దిగినవాడికి తెలియదు. అందుకే నా మొదటి పాఠం ఇప్పుడు ఇదే: ఆపడానికి ఒకే మాట, బంద్. "చాలు" అన్న మాట మెషిన్ దగ్గర ఎవరూ వాడకూడదు. "బంద్" మనకూ, మరాఠీవాళ్లకూ, హిందీవాళ్లకూ ఒకే అర్థం ఇస్తుంది. గోండి మాట్లాడేవాళ్లకూ బజారు వల్ల అలవాటే. దానికి తోడు ఒక చేతి సైగ కూడా పెట్టండి. మెషిన్ చప్పుడులో మాట వినబడకపోవచ్చు. ఆ సైగ, ఆ మాట ఎవరు చేసినా, నిన్న చేరిన హెల్పర్ చేసినా, ఆపరేటర్ ముందు ఆపాలి, కారణం తర్వాత అడగాలి.

బల్లార్షా జంక్షన్‌లో ఎప్పుడైనా ఇంజిన్ క్యాబిన్ వైపు చూడండి. లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నల్‌ను చేత్తో చూపిస్తూ పైకి చెప్పుకుంటారు. కంటికి కనబడుతున్నదాన్ని ఎందుకు చెప్పుకోవడం అనిపిస్తుంది. కన్ను, నోరు, చెయ్యి మూడూ ఒకే పని చేస్తే పరధ్యానం పోతుంది. మీ ఆపరేటర్ చేత కూడా స్టార్ట్ బటన్ నొక్కే ముందు మిక్సర్ వైపు చెయ్యి చూపించి "లోపల ఎవరూ లేరు" అని పైకి అనిపించండి. మొదటి వారం సిగ్గుపడతారు. తర్వాత అలవాటవుతుంది.

మాట ఒక్కదాని మీద ఆధారపడొద్దు. మిక్సర్‌లోకి మనిషి దిగాలంటే మెయిన్ స్విచ్ ఆపి తాళం వెయ్యాలి. దిగేవాడిదే తాళం, తాళంచెవి దిగేవాడి జేబులోనే. ఇద్దరు దిగితే రెండు తాళాలు. ఎవరి తాళం వాళ్లే తియ్యాలి. తాళాలకు ఒక్కొక్కటికి ఒక్కో రంగు వెయ్యండి. చదువు రానివాళ్లకు పేరు చీటీ కంటే రంగు బాగా గుర్తుంటుంది. తాళం వేశాక ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి, మెషిన్ కదలడం లేదని చూసుకున్నాకే దిగాలి. ఈ చివరి పని చాలామంది మర్చిపోతారు. తప్పు స్విచ్‌కు తాళం వేసి మిక్సర్‌లోకి దిగబోయినవాళ్లను నేను ఆపాను.

పనివాళ్లకు భయం పెట్టే వీడియోలు చూపించవద్దని నా సలహా. రక్తం చూసి తల తిప్పుకుంటారు, మర్నాడు అదే పని చేస్తారు. వాటికి బదులు ఒక 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. ఒకతన్ని బొటనవేలు, చూపుడువేలు విడదీసి ఉంచమనండి. వాటి మధ్య స్కేలును నిలువుగా పట్టుకుని, చెప్పకుండా వదలండి. పట్టుకోమనండి. చాలామంది దాదాపు 20 సెంటీమీటర్లు జారాకే పట్టుకుంటారు. 20 సెంటీమీటర్లు జారడానికి పట్టే సమయం సెకనులో అయిదో వంతు. మీ బెల్టు సెకనుకు ఒక మీటరు వేగంతో నడుస్తుంటే ఆ సమయంలో అదీ 20 సెంటీమీటర్లు నడుస్తుంది. ఇప్పుడు అదే స్కేలును అతని అరచేతి పక్కన పెట్టి చూపించండి. మణికట్టు నుంచి వేలి కొన దాకా దాదాపు అంతే. "నీకు తెలిసేలోపు నీ చెయ్యి మొత్తం లోపలుంటుంది" అని అప్పుడు చెప్పండి. నేను చెప్పిన పాఠాల్లో పనివాళ్లు ఇంటికెళ్లి పిల్లలతో ఆడి చూసింది ఇదొక్కటే.

ఇంకో మాట. ప్రమాదం జరిగిందని యజమాని అందరికీ గ్లవ్స్ కొనిచ్చారని రాశారు. ఇటుకలు ఎత్తేవాళ్లకు, పేర్చేవాళ్లకు అవి మంచివే. బెల్టు, పుల్లీ, డ్రిల్లు లాంటి తిరిగే వాటి దగ్గర గ్లవ్స్ వద్దు. గ్లవ్ కొస చిక్కితే చేతిని లోపలికి లాగేస్తుంది. మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చీర కొంగు కూడా అంతే. ఆడవాళ్ల పని ఎక్కువగా ఇటుకల దగ్గరే అయినా, బెల్టు పక్కనుంచి రాకపోకలు ఉంటాయి కాబట్టి చీర మీద వేసుకునే పొడుగు చేతుల చొక్కా ఇవ్వండి, కొంగు లోపల దోపుకుంటారు. నడుస్తున్న యంత్ర భాగాలను ఆడవాళ్ల చేత, చిన్నవయసువాళ్ల చేత శుభ్రం చేయించడం 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే నిషేధించారు.

చట్టం మాట వచ్చింది కాబట్టి కొంచెం. "మాది చిన్న యూనిట్, సేఫ్టీ ఆఫీసర్ అక్కర్లేదు" అని మీ యజమాని అన్నది ఆఫీసర్ వరకు నిజం. ట్రైనింగ్ వరకు నిజం కాదు. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఆ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 7ఏ సెక్షన్ చేర్చారు. సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వడం యజమాని బాధ్యత అని అందులో ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ ఆ బాధ్యత యజమానిదే. మన పక్కనున్న బొగ్గు గనుల్లో అయితే ట్రైనింగ్ పూర్తి కాకుండా మనిషిని పనిలోకి దింపకూడదని 1966 నుంచే నిబంధనలున్నాయి. మీ యూనిట్‌లో కూడా కొత్తవాడికి మొదటి రోజు మెషిన్ దగ్గర డ్యూటీ వెయ్యకండి. నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం చేరిన మొదటి రెండు నెలల్లోనివే.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం. మీ దగ్గర కూలీ వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్కా, రోజు కూలీనా? మీరు రాయలేదు. వెయ్యి లెక్క అయితే మీరు ఎంత బాగా నేర్పినా మెషిన్ ఆగదు. ఆగిన ప్రతి నిమిషం గుంపు మొత్తం కూలీ తగ్గుతుంది. బంద్ అన్నవాడి మీద పక్కవాళ్లే కోప్పడతారు. ఒక యూనిట్‌లో నేను ఎనిమిది నెలలు తంటాలు పడ్డాక ఇది అర్థమైంది. యజమానిని కూర్చోబెట్టి లెక్క వేసి చూపించాను. షిఫ్టులో రెండుసార్లు, ఒక్కోసారి 15 నిమిషాలు, మెషిన్ ఆపి శుభ్రం చెయ్యడానికి విడిగా కూలీ ఇవ్వాలని ఒప్పించాను. ఆ నెల నుంచి నడిచే బెల్టు దగ్గర తాపీ పట్టుకున్న మనిషి కనబడలేదు. అప్పటిదాకా నేను చెప్పిందే చెప్పాను. ఒక్క ముక్క కొత్తగా నేర్పలేదు.

అందుకే ట్రైనింగ్ మొదలుపెట్టాల్సింది హెల్పర్లతో కాదు, ముకద్దంతోనూ ఠేకేదార్‌తోనూ (కూలీలను తెచ్చే కాంట్రాక్టర్‌తోనూ). పనివాళ్లు మీ మాట కంటే ముకద్దం కళ్లు చూస్తారు. అతను మెషిన్ ఆపినవాడిని ఒక్కసారి తిడితే మీ ఆరు నెలల కష్టం పోతుంది. ఒకసారి నేను ఒక నోటుబుక్కు పెట్టించి, కొద్దిలో తప్పిపోయిన ప్రమాదాలు ఎవరైనా వచ్చి చెప్పొచ్చు అన్నాను. మొదటి నెల 14 వచ్చాయి. రెండో నెలలో ఒకతను తన కాలు జారిన సంగతి చెబితే, అజాగ్రత్త అని ఠేకేదార్ అర రోజు పగారు కోశాడు. మూడో నెల నోటుబుక్కు ఖాళీ. ఆ అర రోజు డబ్బు నేను పట్టుబట్టి అందరి ముందు తిరిగి ఇప్పించాక కూడా, మళ్లీ ఒక్క మాట రావడానికి చాలా కాలం పట్టింది.

మీ యూనిట్‌లో నీళ్ల సంపు, బూడిద నిల్వ చేసే ఎత్తైన తొట్టి (సైలో) ఉంటాయి. వాటి గురించి ఒక పాఠం విడిగా పెట్టండి. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కంటే తగ్గితే లోపలికి వెళ్లకూడదు. అది ముక్కుకు తెలియదు, మీటరుకే తెలుస్తుంది. ఇక్కడ నేర్పాల్సింది లోపల పడిపోయినవాడి గురించి కాదు, పైన ఉన్నవాడి గురించి. మన ప్రాంతంలోనే ఒక చోట సంపులో తమ్ముడు పడిపోతే అన్న దూకాడు. ఇద్దరూ రాలేదు. నడుముకు తాడు లేకుండా, పైన మనిషి లేకుండా, గాలి చూడకుండా దిగకూడదని, దిగినవాడు పడిపోతే పైనుంచి తాడుతోనే లాగాలని, ఎవరూ వెంట దిగకూడదని చేయించి నేర్పండి. నోటితో చెబితే సరిపోదు. సొంతవాడు లోపల పడి ఉంటే మనిషి ఆగలేడు, ముందే అలవాటు చేస్తే తప్ప.

వేసవి కూడా దగ్గర పడుతోంది. మే నెలలో మన దగ్గర 45 దాటడం మీకు తెలిసిందే. సెలవు నుంచి వచ్చినవాడికీ, కొత్తవాడికీ మొదటి రోజు ఎండలో అయిదో వంతు పనే ఇచ్చి, రోజుకు కొంచెం పెంచండి. మాట తడబడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే అనుకోండి. ఆటో కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ముందు నీళ్లు పోసి ఒళ్లు చల్లబరచండి.

మొదటి నెలకు నేనైతే మూడు పాఠాలే పెట్టుకుంటాను: బంద్ మాట, పుల్ కార్డు, తాళం. ఒక నోటుబుక్కులో పేరు, తేదీ, ఏం చేసి చూపించాడు, వారం తర్వాత మళ్లీ చూశారా లేదా రాయండి. ఇన్‌స్పెక్టర్ అడిగినా అదే చూపించవచ్చు. 45 మందినీ అయిదుగురేసి గుంపులుగా విడగొట్టి, రోజుకు ఒక గుంపుకు చెబితే మూడు పాఠాలకు దాదాపు నెల పడుతుంది.

గాయపడిన అబ్బాయి తిరిగి పనిలోకి వచ్చినప్పుడు అతన్ని అందరి ముందు నిలబెట్టి "ఇలా చేస్తే ఇలా అవుతుంది" అని ఉదాహరణగా చూపించవద్దు. ముందు విడిగా కూర్చుని, ఆ రోజు ఏం జరిగిందో అతని మాటల్లో చెప్పనివ్వండి. కొత్త గార్డు బిగించే రోజు అతన్ని పక్కన ఉంచుకోండి. చెయ్యి ఎటునుంచి లోపలికి వెళ్లిందో మీ అందరి కంటే అతనికే బాగా తెలుసు.